రాయికి తోక ఉండాలి

మా వదిన పాతికేళ్ళుగా ఒకటే పని చేస్తోంది. మనుషుల పొట్ట మీద చల్లటి జెల్లు రాసి, సబ్బుబిళ్ళంత పరికరం ఒకటి అదిమి పట్టి, లోపల ఏముందో తెర మీద చూస్తుంది. వీధిలో అందరూ ఆవిడని స్కానింగమ్మ అంటారు. నాకు మా ఆయన అక్క. ఆయన పోయిన మూడో నెలలో ఒక పెట్టె, ఒక కుర్చీ తెచ్చుకుని మా ముందు గదిలోకి వచ్చేసింది. రమ్మని నేను పిలవలేదు, వస్తానని ఆవిడా అడగలేదు. తలుపు తీశాను, వచ్చి కూర్చుంది, అంతే.

ఆవిడకి మాట తక్కువ. ఉన్న నాలుగు మాటలూ స్కానింగ్ గదివే. "ఊపిరి పీల్చు. పట్టు. వదులు." రోజంతా వచ్చినవాళ్ళకల్లా ఆ మూడు మాటలూ చెప్పీ చెప్పీ ఇంట్లో కూడా అవే వస్తాయి. పాలు పొంగిపోయాయని నేను కంగారు పడితే, "పీల్చు, పట్టు" అంటుంది. మనుషుల్ని రెండు రకాలుగా చూస్తుంది. సన్నగా ఉండి లోపలంతా తేటగా కనబడేవాళ్ళు గాజు మనుషులు. పొట్ట ఉండి, గ్యాసు ఉండి, తెర మీద ఇసక దుమారం తప్ప ఏమీ కనబడనివాళ్ళు దుప్పటి మనుషులు. బస్సులో ఎవరైనా లావుపాటాయన ఎక్కితే నా చెవిలో "దుప్పటి" అని గొణిగి కిటికీలోంచి బయటికి చూస్తుంది. తను నవ్వదు. నాకే నవ్వాగి చావదు.

మా ఆయన దుప్పటి మనిషి.

ఆ సంగతి ముందే చెప్పేస్తాను. ఒక గురువారం మధ్యాహ్నం, కడుపు నిండా తిని, డొక్కలో నొప్పిగా ఉందని అక్క దగ్గరికి వెళ్ళారు. ఆవిడ చూసింది. కాలేయం కింద పసరు సంచి ఒకటి ఉంటుంది, డాక్టర్లు గాల్ బ్లాడర్ అంటారు. అందులో రాళ్ళున్నాయేమోనని వెతికింది. గ్యాసు అడ్డం, పైన పక్కటెముకల నీడ. ఏమీ తేలలేదు. "సరిగ్గా కనిపించలేదు, పరగడుపున మళ్ళీ చూడాలి" అని రాసింది. "రేపు పొద్దున్నే ఏమీ తినకుండా రా తమ్ముడూ" అంది. ఆయన, "సోమవారం వస్తాలే అక్కా" అన్నారు. శనివారానికే పడిపోయారు. చిన్న రాయి సంచిలోంచి జారి గొట్టానికి అడ్డం పడిందనీ, దాంతో పక్కనున్న పాంక్రియాస్ పాడైందనీ పెద్దాసుపత్రిలో చెప్పారు. తొమ్మిది రోజులున్నారు.

ఆ తర్వాత మా వదిన తనని ఎవరూ ఏమీ అనకుండానే ఒక మాటంటే భయం పెట్టుకుంది. కనిపించలేదు. కళ్ళజోడు కనిపించకపోయినా ఆ మాట అనడం మానేసింది. "కళ్ళజోడు ఎక్కడుందో తెలియట్లేదు" అనేది.

ఆ ఏడాది చివర్లో వాళ్ళ సెంటరుకి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. పొడుగు మనిషి, తలుపు దగ్గర అలవాటుగా తల వంచుకునే లోపలికొస్తుంది. స్కానింగ్ బొమ్మల్లో ఉండే ఆ ఇసక దుమారాన్ని కంప్యూటరు చేత తుడిపించాలని వాళ్ళ ప్రయత్నం. డీప్ లెర్నింగ్ అంటారట. నేను చదివింది ఐదో క్లాసు. నాకు అర్థమైనంత వరకు చెప్తాను. పప్పులో మట్టిగడ్డలు ఎలా ఏరాలో చిన్నపిల్లకి మాటల్లో చెప్పలేం. పక్కన కూర్చోబెట్టుకుని ఏరుతూ పోతాం. ఇది పప్పు, ఇది మట్టి, ఇది పప్పు. వందసార్లు చూశాక దానికే తెలుస్తుంది. కంప్యూటరుకి వందసార్లు చాలదు, వేలసార్లు చూపించాలి. మసగ బొమ్మ ఒకటి, అదే చోట బాగా తీసిన తేట బొమ్మ ఒకటి, జతలు జతలుగా. మసగ బొమ్మల మీద ఏది మురికో, ఏది ఒంటిదో చేత్తో గీసి చూపించే మనిషి కావాలి. ఆ మనిషి మా వదిన అయింది.

నాలుగు నెలలు మధ్యాహ్నాలన్నీ మా వంటింటి బల్ల మీదే. ఆవిడ ఒక టాబ్లెట్ పెట్టుకుని వేలితో గీసేది. ఎదురుగా నేను బఠానీలు ఒలుచుకునేదాన్ని. "ఇది పక్కటెముక నీడ, తుడిచెయ్. ఇది గ్యాసు, తుడిచెయ్." గొణుక్కుంటూ గీత మీద గీత. ఎవరి మీదో పగ తీర్చుకుంటున్నట్టు ఉండేది. తేట బొమ్మలు కావాలంటే నన్నే సెంటరుకి తీసుకెళ్ళి బల్ల మీద పడుకోబెట్టి కాలేయం, కిడ్నీ తీసేది. నేను గాజు మనిషిని. "నీ కాలేయం బడికెళ్తోంది అమ్మాయ్, నువ్వు మానేసిన చదువు అదైనా చదవనీ" అంది ఒకరోజు.

మొదటి వారంలో ఇంజనీరమ్మ మా బల్ల దగ్గరే కూర్చుని ఒక ప్రశ్న అడిగింది. నేను టీ పోస్తున్నాను కాబట్టి బాగా గుర్తుంది.

"మేడమ్, నీడలు అన్నీ మురికి కిందే లెక్కెయ్యాలా? అన్ని నీడలూనా?"

"అన్నీ" అంది మా వదిన, తల ఎత్తకుండా.

ఇంజనీరమ్మ రాసుకుంది.

తర్వాత కొన్నాళ్ళకి ఆ కొత్త మిషను రెండో గదిలో పెట్టారు. మధ్యాహ్నాలు మాత్రం దాని మీద చూడాలి, పొద్దున పాతదాని మీద. దాని పక్కన ఒక మీట ఉంటుంది. నొక్కితే తుడిచిన బొమ్మ, మళ్ళీ నొక్కితే మామూలు బొమ్మ. దాచిపెట్టుకునేది మాత్రం తుడిచిన బొమ్మే. రిపోర్టుల మీద సంతకం పెట్టే డాక్టరు ఒకాయన ఉన్నాడు. సంతకానికి తప్ప లోపలికి రాడు కాబట్టి అందరూ సంతకం డాక్టరు అంటారు. ఆయన కూడా వచ్చి నిలబడి చూసి, "అద్దంలా ఉందండీ" అన్నాడట.

మా వదిన ఆ వారం రోజూ రెండోసారి అన్నం పెట్టించుకుంది. నిద్ర కూడా పట్టినట్టుంది, పొద్దున్నే కళ్ళు తేటగా ఉన్నాయి. పని బాగా కుదిరిందని సంతోషం కాబోలు అనుకున్నాను. అసలు కారణం నాకు తర్వాత తెలిసింది.

నాకూ పసరు సంచిలో ఒక రాయి ఉంది. ఆరేళ్ళ కిందట బయటపడింది. నొప్పీ గిప్పీ లేదు. పిలవని చుట్టంలా ఒక మూల పడుంది, గొడవ చెయ్యనంత కాలం ఉండనీ అన్నారు డాక్టర్లు. ఏటా ఒకసారి వదిన చూసి నాకూ తెర మీద చూపిస్తుంది. మొదటిసారే నేర్పింది. "రాయిని చూడకు. తెల్లటి చుక్కలు సవాలక్ష ఉంటాయి. దాని కింద నల్లగా నీడ పడిందా లేదా చూడు. రాయి గట్టిది, శబ్దాన్ని కిందకి పోనివ్వదు, అందుకే నీడ. నీడ లేకపోతే అది రాయి కాదు, సంచిలో ముడత." నేను ఆ నీడకి తోక అని పేరు పెట్టుకున్నాను. తోకచుక్కలా ఉంటుంది.

కొత్త మిషను వచ్చిన తొమ్మిదో రోజు, గురువారం, నా వంతు. మధ్యాహ్నం కాబట్టి రెండో గది. జెల్లు చల్లగా తగిలింది. తెర మీద బొమ్మ చూసి నాకే ముచ్చటేసింది, గీసినట్టుంది. సంచి, అందులో చిన్న తెల్ల చుక్క.

"నీ చుట్టం క్షేమం" అంది వదిన.

"దాని తోక ఏది?" అన్నాను.

అడగాలని అడగలేదు. ఇంటికొచ్చిన మనిషి చొక్కా మార్చుకుంటే అడిగినట్టు అడిగాను.

వదిన చెయ్యి నా పొట్ట మీద ఆగిపోయింది. పరికరం కొంచెం వంచింది, ఇంకాస్త వంచింది. "ఎడమ పక్కకి తిరుగు" అంది. తిరిగాను. "పీల్చు. పట్టు." పట్టాను. వదలమని చెప్పలేదు. ఇక నావల్ల కాక నేనే వదిలేశాను. అప్పుడు ఎడంచేత్తో ఆ మీట నొక్కింది. తెరంతా మళ్ళీ ఇసక. ఆ ఇసకలో నా తెల్ల చుక్క, దాని కింద కాటుక గీసినట్టు తోక. మీట నొక్కింది, తోక లేదు. నొక్కింది, ఉంది. నొక్కింది, లేదు. ఎన్నిసార్లు చేసిందో.

"వదినా" అన్నాను.

"అన్నీ అన్నాను" అంది. "ఆ పిల్ల అడిగింది. అన్నీ అన్నాను."

పక్కటెముక నీడ మురికే, గ్యాసు నీడా మురికే. పాతికేళ్ళు వాటితో విసిగిపోయిన మనిషి, తమ్ముణ్ణి వాటి వెనక పోగొట్టుకున్న మనిషి, నీడ అన్న మాట వినబడగానే వాటినే తలుచుకుంది. రాయి నీడ కూడా నీడే అన్నది ఆ క్షణాన తోచలేదు. నాలుగు నెలలు వేలితో గీస్తూ ఉన్నా తోచలేదు. మిషను మాత్రం చెప్పిన మాట విన్నది, నేర్పినట్టే నేర్చుకుంది.

నా పొట్ట మీద జెల్లు తుడవడం కూడా మర్చిపోయింది. చీర అంటుకుపోతుంటే నేనే కాగితంతో తుడుచుకుని లేచాను. అప్పటికి ఆవిడ గది తలుపు మీద "పనిచెయ్యదు" అని కాగితం అంటించేసి, రిజిస్టరు ముందేసుకుని కూర్చుంది. తొమ్మిది రోజుల్లో ఆ మిషను మీద చూసినవాళ్ళు నూట ముప్ఫై ఒక్క మంది. అందులో రాయి కోసం వచ్చినవాళ్ళు, పసరు సంచీ కిడ్నీ కలిపి, పధ్నాలుగు మంది. అందరికీ "నార్మల్" అని వెళ్ళిపోయింది.

"బొమ్మలున్నాయిగా, మళ్ళీ చూడొచ్చుగా" అన్నాను.

"ఉన్నవి తుడిచినవే. పారబోసిన నీళ్ళలో ఏం వెతకను?"

సంతకం డాక్టరుకి చెప్పడానికి ఆవిడ లోపలికెళ్ళినప్పుడు నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆయన గొంతు పెరగడం వినబడింది. వదిన గొంతు వినబడలేదు. తిరిగొచ్చాక ఒక్క మాటే చెప్పింది. "ఫోన్లు చెయ్యమన్నాడు."

చేసింది. నేను పక్కన కూర్చుని నంబర్లు చదివాను. ఒక్కొక్కరికీ అదే మాట. "బొమ్మ సరిగ్గా రాలేదండీ, ఒకసారి పరగడుపున రండి, మళ్ళీ చూస్తాం." కొందరు విసుక్కున్నారు. ఒకావిడ, "ఏమీ లేదని చెప్పి నిద్రపుచ్చారు, ఇప్పుడు లేపుతారేం" అంది. శుక్రవారం రోజంతా, శనివారం పొద్దున వరకు పదముగ్గురొచ్చారు. పాత మిషను మీద చూసింది. ముగ్గురికి తోక ఉంది. ముగ్గురూ బాగానే ఉన్నారు, డాక్టర్ల దగ్గరికి పంపించారు.

పధ్నాలుగో ఆయన రాలేదు. కుడి డొక్కలో నొప్పి, యాభై రెండేళ్ళు, తాళాలు బాగుచేసే మనిషి. రిజిస్టరులో రాసిన నంబరుకి చేస్తే పనిచెయ్యడం లేదన్న మాటే వస్తోంది. గురువారం సాయంత్రం నుంచి ఎన్నిసార్లు చేసిందో, వేలు దానంతటదే ఆ నంబరు నొక్కేది. చిరునామా దగ్గర "స్టేషన్ వెనక" అని మాత్రం ఉంది.

"ఎలా ఉన్నాడో గుర్తుందా?" అని అడిగాను.

"దుప్పటి" అంది. నేను లేచి చెప్పులు వేసుకున్నాను.

శనివారం పదకొండింటికి ఇద్దరం స్టేషన్ వెనక వీధుల్లో పడ్డాం. ఎండ మాడుతోంది. వదిన స్కానింగ్ కోటు విప్పడం కూడా మర్చిపోయి అలాగే నడుస్తోంది. అడిగిన ప్రతివాళ్ళూ కోటు చూసి ఎవరికేమైందని ఎదురడిగారు. నాలుగో వీధిలో దొరికింది దుకాణం. పైన బోర్డు: "తాళంచెవి పోయిందా? గాభరా పడకండి. లోపలికి రండి." కింద షట్టరు దించేసి ఉంది, నా గుప్పెడంత తాళం.

మా వదిన ఆ తాళాన్ని పట్టుకుని ఊపింది, ఊపితే ఊడొస్తుందన్నట్టు.

పక్కన చెప్పులు కుట్టే ముసలాయన తల ఎత్తాడు. "ఊరందరి తాళాలూ తీస్తాడమ్మా, సొంత దుకాణం మాత్రం మూడు రోజులుగా తియ్యట్లేదు. ఒంట్లో బాలేదంటున్నారు. మీరేమైనా తాళం లోపల పెట్టేసుకున్నారా?"

"ఇల్లెక్కడ?" అంది వదిన.

"నీళ్ళ ట్యాంకు పక్క బిల్డింగు, మూడో అంతస్తు. తలుపుకి నాలుగు తాళాలుంటాయి, అదే గుర్తు. ఆయన ఇంట్లో పోయేదేమీ లేదు, అలవాటు చొప్పున పెట్టుకున్నాడు."

మెట్లెక్కుతుంటే వదినకి రొప్పు వచ్చింది. రెండో అంతస్తులో గోడ పట్టుకుని నిలబడింది. "నువ్వు ముందు వెళ్ళు. లోపల ఏడుపు వినబడితే కిందకొచ్చి చెప్పు" అంది. వెళ్ళి తలుపుకి చెవి పెట్టాను. లోపల రేడియో మోగుతోంది. అంత మంచి పాట నేనెప్పుడూ వినలేదు. రమ్మని చెయ్యూపాను.

తలుపు కొడితే ఆడగొంతు "ఎవరూ" అంది. సెంటరు నుంచి అన్నాం. ఒక తాళం తీసిన చప్పుడు. ఆగింది. రెండోది. లోపల ఎవరో, "పైది ఎడమకి తిప్పు" అన్నారు, నీరసంగా. మూడోది. వదిన కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. నాలుగోది.

ఆయన కిటికీ పక్క మంచం మీద, పొట్ట మీద వేణ్ణీళ్ళ సంచి పెట్టుకుని ఉన్నాడు. తలాపున గోడకి మా సెంటరు రిపోర్టు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మరీ మేకుకి తగిలించి ఉంది.

"మీరే కదూ నన్ను చూసింది. నార్మల్ అన్నారు" అన్నాడు. "నేనూ నార్మల్‌గానే ఉన్నానండీ. ఈ నొప్పొక్కటే కాగితం చదవలేదు."

"రాత్రి ఒకటే మూలుగు" అంది వాళ్ళావిడ. "పద, చూపించుకుందాం అంటే ఆ కాగితం చూపిస్తాడు. కాగితంతో కాపరం చేస్తున్నాను."

వదిన ఆయన మొహాన్ని కిటికీ వైపు తిప్పమంది. కళ్ళ కింది రెప్ప లాగి చూసింది. నేనూ చూశాను. తెల్లగుడ్డు పసుపు కలిపిన పాలలా ఉంది.

"ఆ కాగితం తప్పు" అంది వదిన. "బొమ్మలో నీడని మిషను తుడిచేసింది. తుడవమని దానికి నేర్పింది నేనే. మీరు ఇప్పుడే రావాలి."

ఆయనకి నచ్చలేదు. ఎవరికి నచ్చుతుంది, ఏమీ లేదన్న మనిషే వచ్చి ఉందంటే. "ఇప్పుడే అంటే ఎలాగమ్మా, కదిలితే ప్రాణం పోతోంది. రేపు ఆదివారం. సోమవారం పొద్దున్నే వస్తాలెండి, దుకాణానికి వెళ్ళేముందు."

సోమవారం అన్న మాటకి వదిన వెనక్కి తిరిగింది. నావైపు చూసింది. ఆవిడ అలా చూడడం ఆసుపత్రిలో తొమ్మిదో రోజున ఒకసారి చూశాను.

నేను పరాయివాళ్ళ ఇళ్ళల్లో నోరు తెరిచే మనిషిని కాదు. మా ఆయన పోయాక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, అడిగినవాళ్ళకి కూడా. "మా ఆయన కూడా సోమవారమే అన్నారు" అన్నాను. "ఈవిడ తమ్ముడే. ఆయన గురువారం చూపించుకున్నారు. ఇదే చోట నొప్పి. శనివారం, ఇదే వేళకి, స్నానం చేసి తువ్వాలు ఆరేస్తూ పడిపోయారు. ఆ తువ్వాలు ఇంకా ఉంది మా ఇంట్లో."

తువ్వాలు సంగతి ఎందుకు చెప్పానో తెలియదు. వచ్చేసింది.

వాళ్ళావిడ వెళ్ళి రేడియో కట్టేసింది. మంచం కింద నుంచి చెప్పులు తీసి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. "లేవండి" అంది. ఆయన లేచాడు.

టాక్సీలో ముందు సీట్లో ఆయన, వెనక మేం ముగ్గురం. ప్రతి గతుకుకీ ఆయన పళ్ళు బిగబట్టేవాడు, వదిన నా మోకాలు పట్టుకునేది. దారిలో ఆయన, "ఇంటికి తాళాలు వేశావా?" అని అడిగాడు. "ఒకటి వేశాను. మిగతావి వేసుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది" అంది వాళ్ళావిడ.

సెంటరులో ఇంజనీరమ్మ ఉంది. శుక్రవారం నుంచి రెండో గదిలో నేల మీద కూర్చుని మిషనుకి తన కంప్యూటరు తగిలించి ఏదో చేస్తోంది. మమ్మల్ని చూసి లేచి, తల వంచకుండా తలుపు దాటబోయి నుదురు కొట్టుకుంది. ఎవరూ నవ్వలేదు.

పాత మిషను మీద పడుకోబెట్టారు. వాళ్ళావిడా నేనూ ఇంజనీరమ్మా తలుపు పక్కన నిలబడ్డాం. వదిన చేతులు రుద్దుకుని వెచ్చబరిచి, జెల్లు రాసి, పరికరం పెట్టింది. ఇసక. పక్కటెముక. ఇసక. "పీల్చండి. పట్టండి. వదలండి." తిప్పింది, అదిమింది. ఆయన అబ్బా అన్నాడు. "ఎడమకి తిరగండి. ఇంకొంచెం. పీల్చండి." గోడ మీద గడియారం ముల్లు కదిలిన ప్రతిసారీ చప్పుడు చేస్తుందని నాకు ఆరోజే తెలిసింది. వదిన నుదుటి మీద చెమట కారి కంట్లోకి దిగింది, తుడుచుకోలేదు. నాకు మనసులో ఒకటే భయం. మళ్ళీ ఆ మాటే రాస్తుందేమో, కనిపించలేదని.

ఆయన్ని కూర్చోబెట్టి, ముందుకి వంగమని, పక్కటెముకల కింద నుంచి ఎలాగో చెయ్యి దూర్చి చూసింది. అప్పుడు ఆగింది.

"ఉంది" అంది. "తోక ఉంది."

నా మాట వాడింది. ఇంజనీరమ్మకి అర్థం కాలేదు, నన్ను చూసింది. నేను తెర వైపు వేలు చూపించాను. ఇసకలో రెండు చుక్కలు, రెంటికీ చెరో తోక. ఇంకొకటి గొట్టంలో, చాలా చిన్నది, దాని తోక వెంట్రుకంత.

ఒక మనిషి ఒంట్లో రాళ్ళున్నాయని తెలిసి అంత హాయిగా ఊపిరి వదలడం పాపమో ఏమో, వదిలాను. తాళాలాయన కూడా, "అయితే నేను దొంగ నొప్పులు పడలేదన్నమాట" అన్నాడు వాళ్ళావిడతో.

సంతకం డాక్టరు అరగంటలో వచ్చాడు. పెద్దాసుపత్రికి ఫోను చేశాడు, అంబులెన్స్ వచ్చింది. ఆ సాయంత్రమే నోట్లోంచి గొట్టం పంపి అడ్డం పడిన రాయి తీసేశారు. సంచి కూడా తీసెయ్యాలని, వారం తర్వాత అదీ తీశారు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే ఏమయ్యేదో అక్కడి డాక్టరు చెప్పబోతే వాళ్ళావిడ వద్దందట. ఏం చెప్తాడో నాకు తెలుసు.

ఇంజనీరమ్మ వెళ్ళేముందు వదిన దగ్గరికొచ్చి నిలబడింది. "మేడమ్, నేను ఒకసారే అడిగాను. ఇంకోసారి అడగాల్సింది. రాళ్ళున్న బొమ్మలు విడిగా పెట్టి పరీక్ష చెయ్యాల్సింది."

"నువ్వు అడిగావమ్మా. నేనే చూడకుండా చెప్పాను."

ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో వదిన బల్ల ముందు ఊరికే కూర్చుంది. టాబ్లెట్ లేదు, గీసేదేమీ లేదు. నేను బియ్యం కడుగుతున్నాను.

"ఒకటి చెప్పాలి అమ్మాయ్" అంది. "కొత్త మిషను పెట్టిన రోజు దాంట్లోకి మొదట ఎక్కించింది ఎవరి బొమ్మో తెలుసా? తమ్ముడిది. ఆ గురువారం తీసింది. దాచుకున్నాను."

చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడ్డాను.

"తుడిచి చూపించింది. అద్దంలా వచ్చింది. సంచి ఖాళీ. రాయి లేదు. అప్పుడు అనుకున్నాను, ఆరోజు అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, నేను చూడకుండా వదిలేసిందేమీ లేదు, రాయి తర్వాత జారి ఉంటుందని. ఆ రాత్రి నిద్రపట్టింది. అందుకే ఇక ఏ బొమ్మనీ మీట నొక్కి చూడలేదు. అందుకే ఆ మిషను మాట నమ్మాను."

రెండోసారి అన్నం పెట్టించుకున్నది అందుకన్నమాట. బియ్యం మళ్ళీ కడిగాను, అప్పటికే మూడుసార్లు కడిగినా.

"మీమీద నాకెప్పుడూ కోపం లేదు వదినా" అన్నాను చివరికి.

"నీకుందని కాదు" అంది.

ఆ తర్వాత పని మళ్ళీ మొదలైంది. ఈసారి రెండు రంగులు. మురికి నీడకి ఎరుపు, రాయి ఉందని చెప్పే నీడకి ఆకుపచ్చ. మొదటి పధ్నాలుగు వందల బొమ్మలూ మళ్ళీ మొదటి నుంచి గీసింది. ఇప్పుడు గొణగదు. ఒక్కో బొమ్మ ముందు చాలాసేపు కూర్చుంటుంది. ఎప్పుడైనా టాబ్లెట్ నావైపు తిప్పి, "ఇది నీకు ఎలా అనిపిస్తోంది?" అంటుంది. ఐదో క్లాసు చదువుకి అంతకంటే పెద్ద పరీక్ష ఏముంటుంది. తోక ఉంటే ఉందంటాను, తెలియకపోతే తెలియదంటాను. తెలియనివాటికి మూడో రంగు పెట్టించింది, పసుపు. ఆ మాట ఇంజనీరమ్మతో ఆవిడే పట్టుబట్టి ఒప్పించింది.

ఈమధ్య ఒకరోజు ఇంజనీరమ్మ వచ్చి, కొత్తగా నేర్పిన మిషనుని పరీక్ష చెయ్యడానికి కష్టమైన బొమ్మలు కావాలంది. బాగా మసగగా ఉండాలి, ఆ మనిషికి నిజంగా రాయి ఉందని తర్వాత తేలి ఉండాలి. అలాంటివి ఎక్కువ దొరకవట.

వదిన ముందు గదిలోకి వెళ్ళి ఒక కవరు తెచ్చి నా ముందు పెట్టింది. "ఇది నీది. ఇవ్వనా?"

కవరు తీసి చూశాను. మూడేళ్ళలో అదే మొదటిసారి. మూలన తేదీ, గురువారం మధ్యాహ్నం. మిగతాదంతా ఇసక. ఆయన లోపల ఇసక ఎలా ఉందో చూశాను, చాలాసేపు. ఒకచోట తోక ఉన్నట్టనిపించింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్తే లేదనిపించింది.

"ఇవ్వండి" అన్నాను. "ఇంకెవరికైనా పనికొస్తుంది. కానీ ఏం కనబడిందో మనకి మాత్రం చెప్పొద్దనండి."

"నోటితో చెప్పకపోతే సరిపోతుందా. మొహం చూస్తే తెలిసిపోదూ" అంది వదిన.

అయినా ఇచ్చింది. ఇంజనీరమ్మ రెండు చేతులతో తీసుకుంది.

అప్పటి నుంచి ఆవిడ రెండుసార్లు వచ్చింది. గేటు చప్పుడైతే చాలు నేను పొయ్యి దగ్గరికి వెళ్తాను. వదిన టాబ్లెట్‌లోంచి తల ఎత్తదు. నేను ముందే టీ పెట్టేసి, ఆవిడ కూర్చోగానే చేతికిచ్చేస్తాను. తాళాలాయన కబుర్లు చెప్తాను, కొత్తగా మా తలుపుకి కూడా నాలుగో తాళం బిగిస్తానంటున్నాడని. ఆవిడ నవ్వుతుంది. ఆ నవ్వు వంక నేను చూడను, వదినా చూడదు.